అక్క కాళ్ళ చప్పుడు

నున్నగా ఉన్నదంతా మంచిదని ఎవడు చెప్పాడో గానీ, ట్రంపెట్ వాయించే తమ్ముడు నమ్మేశాడు.

వయసులో ఉండగా అక్కాతమ్ముళ్ళు ఒక జాజ్ ఆల్బమ్ చేశారు. తమ్ముడిది ట్రంపెట్, అక్కది ఆర్గన్, బావది డ్రమ్స్. మంద్రంగా మోగే బేసుకు వేరే మనిషెందుకు? అక్క చేతులతో పాట వాయిస్తూ, చెప్పులు వదిలేసి, కింద వరసగా ఉన్న చెక్క పెడళ్ళను తొక్కుతూ బేసు పలికించేది. తొక్కినప్పుడల్లా టక్కు టక్కుమనేది. గది అగ్గిపెట్టంత. తమ్ముడు ఆమె మోకాలి పక్కనే నిలబడాలి. సోలో అందుకున్నాడంటే ఒక పట్టాన దిగేవాడు కాదు. అప్పుడు అక్క ఒక కాలితో బేసు నడుపుతూనే రెండో కాలితో వాడి పిక్క మీద ఒక్కటిచ్చేది. చాల్లే, ఇక దిగు అని దానర్థం.

రికార్డింగు రోజునా తన్నింది. చివరి స్వరం తోక తొక్కిన పిల్లిలా కీచుమంది. మళ్ళీ వాయిద్దామంటే టేపు మిగల్లేదు. ఆ కీచు అలాగే అచ్చయి, ఇన్నేళ్ళూ వాణ్ణి నిద్రలో కూడా పొడిచింది.

ఇప్పుడు ఆ ఆల్బమ్ మళ్ళీ వస్తోంది. "ఆ టకటకలు తీసెయ్. ఆ కీచు మీద ఇంకో పాటలోంచి మంచి స్వరం తెచ్చి అతికెయ్," అన్నాడు సౌండ్ ఇంజనీరుతో. ఇంజనీరు దాన్ని ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలా చేసిచ్చాడు. తమ్ముడు పొంగిపోతూ అక్క దగ్గరికి పట్టుకెళ్ళాడు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచీ అక్కది చక్రాల కుర్చీ. కళ్ళు మూసుకుని ఆఖరిదాకా వింది.

"బాగుందిరా. నా కాళ్ళేవి?"

"అదేంటక్కా, బేసు వినపళ్ళేదా?"

"బేసు వినపడింది. కాళ్ళే వినపళ్ళేదు. ఇక్కడెలాగూ చచ్చాయి, అక్కడ కూడా చంపేశావా? నా తన్ను కూడా మింగేశావు కదరా, వెధవా!"

 తమ్ముడు తిన్నగా స్టూడియోకి నడిచాడు.

"రేపే అచ్చుకెళ్ళాలి సార్," అని నెత్తి గోక్కున్నాడు ఇంజనీరు. "ఓ పని చేద్దాం. పెడళ్ళ చప్పుడు మళ్ళీ పెట్టేస్తా. మీ తప్పు మాత్రం దాచేస్తా. ఎవడికీ తెలీదు."

తమ్ముడికి ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, గట్టిగానే పుట్టింది. చెయ్యి దానంతటదే కిందికి పోయి పిక్క రుద్దుకుంది.

"ఆ కీచు నాది కాదయ్యా, మా అక్కది," అన్నాడు. "రెండూ పెట్టు."

కొత్త అచ్చులో మొదటి రికార్డు చేతికొచ్చిన రోజు అక్క కుర్చీ పక్కనే స్టూలేసుకు కూర్చున్నాడు. పెడళ్ళు టక్కు టక్కుమంటున్నాయి. సోలో సాగుతోంది, సాగుతోంది. ఆ స్వరం ఇంకా రానే లేదు, తమ్ముడు చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్నట్టు వాడికే తెలియదు. అక్క చూసేసింది.

కీచుమంది ట్రంపెట్.

"చాల్లే," అంది అక్క, నవ్వు ఆపుకోలేక. "ఇక దిగు."