మొండక్క సీటు

ఆ డిపోలో బస్సు నడిపే ఆడవాళ్లు ఇద్దరే. వాళ్లలో పెద్దావిడను అందరూ మొండక్క అనేవారు. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకు ఒళ్లు మండేది. పోనుపోనూ అదే అలవాటై, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పలకడం మానేసింది.

ఆమెకు చాలా ఏళ్లుగా గుండెల్లో మంట. ఆఖరి స్టాపులో బస్సు తిప్పుకునే కాస్త వ్యవధిలో డబ్బా విప్పి, నమిలీ నమలకుండా నాలుగు ముద్దలు మింగి, సీటు బెల్టు బిగించుకుని మళ్లీ బండి తీసేది. రెండో మలుపు చేరేసరికి తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. జేబులోంచి ఓ మాత్ర తీసి చప్పరిస్తూ స్టీరింగు తిప్పేది. పడుకుంటే దగ్గు, లేస్తే బొంగురు గొంతు.

"డాక్టరుకు చూపించుకోరాదా అక్కా?" అని ఆమె బస్సులో కండక్టరుగా చేసే అమ్మాయి అడిగితే, "గ్యాసుకు కూడా డాక్టరా? పో, టికెట్లు కొట్టుకో" అనేది.

ఇంట్లోనూ అదే వరస. "తినగానే నడుం వాల్చకే అమ్మాయ్" అని అత్తగారు పోరేది. ఎవరు వినాలి? డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిన్న చేతి తడి ఆరకముందే మొండక్క మంచమెక్కేది.

ఆ చలికాలం డిపోలో ఫ్లూ జ్వరం పాకింది. కండక్టరుకు వచ్చింది, మెకానిక్కులకు వచ్చింది, మేనేజరుకూ వచ్చింది. అందరూ మూలిగి, ముక్కులు చీదుకుని, వారం తిరక్కుండా లేచి తిరిగారు. మొండక్కకూ వచ్చింది. "జ్వరం నన్నేం చేస్తుంది? నేనే దాన్ని పట్టుకుని వాయిస్తాను" అంటూ మెడకు మఫ్లరు చుట్టుకుని డ్యూటీకి వెళ్లింది. మర్నాడు బస్సు మెట్ల దగ్గర ఆగిపోయింది. ఒక మెట్టు ఎక్కింది, రెండో మెట్టుకు ఊపిరి అందలేదు. కమ్మీ పట్టుకుని నిలబడిన మనిషి పెదవులు నీలంగా మారడం చూసి కండక్టరు కేక పెట్టింది.

ఆస్పత్రిలో ముఖానికి ఆక్సిజన్ మాస్కు తగిలించారు. రోజులు గడిచినా అది తీయలేదు. ఎలక్ట్రీషియన్ పని చేసే భర్త, ఆమె చెప్పులు ఓ సంచిలో పెట్టి ఒళ్లో పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాడు. ఎప్పుడు లేచి నడుస్తానంటుందో అని ఆయన ఆశ.

కాస్త మాట వచ్చిన రోజు పొద్దున్నే ఆమె డాక్టరమ్మను నిలదీసింది.

"అందరికీ వచ్చిన జ్వరమే కదా. నాకొక్కదానికే ఎందుకిలా ముదిరింది?"

"మీకు పులితేపులు వస్తాయా?"

"పులితేపులా డాక్టరుగారూ! పక్కింటివాళ్లకు కూడా వినబడతాయి" అన్నాడు భర్త. మొండక్క మాస్కు మీదుగా ఆయన వైపు ఉరిమి చూసింది.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "కడుపులో ఉండాల్సిన ఆమ్లం పైకి వచ్చి ఇన్నాళ్లూ మీ గొంతును కాలుస్తూనే ఉంది. నిద్రలో ఒక్కోసారి చుక్కో రెండో చుక్కలో ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. అలా ఒరుసుకుపోయిన చోట వైరస్ దిగితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. మీ విషయంలో అదే కారణమని ఒట్టేసి చెప్పలేను. నా అనుమానం మాత్రం అదే."

"అంటే తప్పు నాదేనంటారు."

"తప్పని ఎవరన్నారు? జబ్బన్నాను. దాన్ని జబ్బులాగే చూడండి."

మొండక్క ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఇన్నేళ్లూ తాను మంటను ఓర్చుకుని గెలుస్తున్నాననుకుంది. అది మాత్రం లోపల తన పని తాను చేసుకుపోయింది. ఆ తలంపుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కోపమూ వచ్చింది. "సరే, దీని సంగతి తేలుస్తా" అంది.

ఇంటికొచ్చాక మాత్రలు వేళకు వేసుకుంది. చీకటి పడకముందే తినేది, తిన్నాక అత్తగారితో కలిసి వీధిలో అటూ ఇటూ తిరిగేది. రాత్రిళ్లు ఆమ్లం పైకి ఎగదన్నకుండా తలవైపు మంచంకోళ్ల కింద భర్త ఇటుకలు పెట్టాడు. తెల్లారేసరికి ఇద్దరూ కాళ్లవైపుకు జారిపోయి కుప్పగా కనిపించేవారు. "ఇదేం కాపురమే, జారుడుబల్ల మీద!" అని అత్తగారు కడుపు పట్టుకుని నవ్వేది. దగ్గు మెల్లగా తగ్గుముఖం పట్టింది. గొంతు పూర్తిగా తేరుకోలేదు గానీ, మెట్లెక్కితే ఆయాసం లేదు.

ఇక బస్సు నడపొచ్చని డాక్టరమ్మ రాసిచ్చింది. తిన్న వెంటనే సీట్లో కూర్చోకూడదని, భోజనానికి తగిన విరామం ఇవ్వాలని కూడా రాసింది. మేనేజరు ఆ కాగితం చూసి పెదవి విరిచాడు.

"మీ మంచికే చెబుతున్నానమ్మా. ప్రయాణికులు మరిచిపోయిన సామాను గది ఉంది. అక్కడ హాయిగా కూర్చోండి. జబ్బు మనిషికి బస్సు ఎలా ఇస్తాం?"

"ఇన్నేళ్లు మంటతో నడిపినప్పుడు ఫిట్టు. మంట తగ్గించుకుని వచ్చాక అన్‌ఫిట్టా? సార్, జనం వదిలేసిన గొడుగులకు కాపలా కాయడానికి కాదు నేను చావు దగ్గరికి పోయి వచ్చింది!"

మర్నాడు యూనిఫాం వేసుకుని వచ్చి మేనేజరు గది ముందు నిలబడింది. "కూర్చోండమ్మా" అంటే, "నా సీటు బస్సులో ఉంది" అంది. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు, అందరూ మీసాలాయన అని పిలిచే పాత డ్రైవరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. జేబులోంచి మాత్రల అట్ట తీసి మేనేజరుకు చూపించాడు. "నాదీ ఇదే బతుకు సార్. తిని కూర్చుంటాం, మండుతూ నడుపుతాం. మాకూ తీరిగ్గా తినే టైమివ్వండి." అతని వెనక ఇంకో ఇద్దరు డ్రైవర్లు వచ్చారు.

మేనేజరు కరిగిపోయాడని కాదు. డిపోను జ్వరం మరోసారి చుట్టేసింది, సగం బస్సులు డ్రైవర్లు లేక షెడ్డులోనే ఉన్నాయి. మొండివాడు రాజుకంటే బలవంతుడని గొణుగుతూ ఆమె చేతికి తాళం ఇచ్చాడు. భోజన విరామం ఆమె రూటు వరకే పెంచాడు. మిగతా రూట్ల కోసం మీసాలాయనా, ఆమె కలిసి ఇంకా మేనేజరు గది చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆఖరి స్టాపులో మొండక్క నిమ్మళంగా నమిలి తింటుంది. తర్వాత నిటారుగా బస్సు చుట్టూ నడుస్తుంది. తొందరపడే ప్రయాణికులు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తారు.

"ఇంకెంతసేపమ్మా?"

"నా తిండి కిందికి దిగేదాకా!" అంటుంది ఆ బొంగురు గొంతుతోనే. "కూర్చోండి నాయనా. మిమ్మల్ని వదిలి నేనెక్కడికీ పోను."