వీధులు మారే తాళాల కొట్టు

పొద్దున షట్టరు ఎత్తాకే తాళాలమ్మకు ఆ రోజు తన కొట్టు ఏ వీధిలో ఉందో తెలిసేది. ఒకరోజు ఆస్పత్రి వెనక, ఇంకోరోజు బస్టాండు పక్కన. ఎవరి తలుపు మొరాయించబోతోందో కొట్టుకు ముందే తెలుసు. రాత్రికి రాత్రి వెళ్లి ఆ ఇంటి దగ్గర సర్దుకుని కూర్చునేది. వెనక గదిలో పడుకున్న తల్లీకూతుళ్లకు చిన్న కుదుపు కూడా తగిలేది కాదు. లేచి మొహాలు కడుక్కుని, మెడలు చాచి వీధి చూసుకుని, ఇక్కడ పాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కునేవారు.

ఊళ్లో ఎవరికీ అది వింత కాదు. "ఇవాళ మా వీధికొచ్చారా! అయితే ఇక్కడెవరికో మూడిందన్నమాట" అని దర్జీ ముందుగా తన జేబులో తాళంచెవి తడుముకునేవాడు.

నిద్ర పట్టనిదల్లా కూతురు చిట్టికే. లెక్కల్లో చురుకు.

"అమ్మా, మన కొట్టు ఒక్క ఇంటి ముందు నిలబడుతుంది. మిగతా ఊరంతా ఫోన్లో వెతుక్కుని ఇంకొకళ్లని పిలుస్తోంది. పదిమందిలో తొమ్మిదిమంది మనకు దక్కట్లేదు. ఇలాగైతే ఏడాది తిరక్కుండానే కొట్టు మూతపడుతుంది. వెబ్‌సైటు పెడదాం."

"పెడదాంలే, ఎండలు తగ్గనీ."

ఎండలు తగ్గాయి.

"ఫోటోలు తీయాలంటే గోడలు బాగుండొద్దూ?"

చిట్టి గోడలకు సున్నం వేసింది.

"ఈ తుప్పు డబ్బాలన్నీ ఫోటోలో పడితే నవ్విపోతారు."

డబ్బాలన్నీ సర్దింది.

"తొందరేముందే? దర్జీ కూడా ఇంకా పెట్టలేదు."

చిట్టి వెళ్లి దర్జీని నిలదీసింది. "మీ అమ్మ పెట్టాక చూద్దామని ఆగాను తల్లీ" అన్నాడాయన.

ఇలా నానుతుండగా ఒక పెద్ద కంపెనీ ఆఫీసరు ఫోన్ చేశాడు. ఊళ్లోని అపార్టుమెంట్ల తాళాల పనంతా ఒకే కొట్టుకు ఇస్తారట. ఆ కొట్టుకు వెబ్‌సైటు ఉండాలి. అందులో చిరునామా ఉండాలి. శుక్రవారమే గడువు.

"మీ కొట్టుకు తిరుగుడు అలవాటుందని విన్నాను. ముందు అది మాన్పించండి. మా దగ్గర చిరునామా ఖాళీగా ఉంటే కుదరదు" అన్నాడు.

చిట్టి తల్లి ఎదుట చతికిలబడింది. "ఇప్పుడైనా అసలు సంగతి చెప్పమ్మా. ఎందుకింత దాటేస్తున్నావు?"

తాళాలమ్మ ఆకురాయి పక్కన పెట్టింది. "నువ్వు పుట్టకముందు బోర్డు మీద వీధి పేరు రాయించాను. రంగు ఆరేసరికి కొట్టు అక్కడే పాతుకుపోయింది. గోకి పారేసేదాకా అంగుళం కదల్లేదు."

"అయితే ఏమైంది? అందరి కొట్లూ కదలకుండానే ఉన్నాయిగా!"

"అందరి దగ్గరికీ మనుషులు నడిచి వస్తారు. తాళం పడి లోపల ఇరుక్కున్న మనిషి ఎలా వస్తాడే మన దగ్గరికి?"

ఆ మాట చిట్టి చెవికెక్కలేదు. గురువారం తల్లికి చెప్పకుండా వెబ్‌సైటు పెట్టేసింది. చిరునామా దగ్గర ఆ రోజున్న వీధి పేరు రాసింది. ఆఫీసరు శభాష్ అన్నాడు.

శుక్రవారం షట్టరు ఎత్తితే నిన్నటి వీధే. ఎదురుగా నిన్నటి కుక్కే ఆవులిస్తోంది. తాళాలమ్మ కూతురి మొహంలోకి ఒక్కసారి చూసి, చీపురు అందుకుంది.

ఇంకా ఊడ్చడం పూర్తికాకముందే దర్జీ ఫోన్. "తాళాలమ్మా, మా అత్తగారు బాత్రూంలో ఇరుక్కుపోయింది. గడియ రావట్లేదు. వీధంతా తిరిగాను, మీ కొట్టు ఎక్కడా కనపడదేం?"

దర్జీ ఇల్లు ఊరికి ఆ చివర. సంచీ పట్టుకుని ఇద్దరూ పరుగెత్తారు.

దర్జీ అత్తగారు నోరు విప్పితే పక్క వీధి పిల్లలు కూడా అన్నం మారాం చేయకుండా తినేస్తారు. అలాంటి మనిషి, తలుపు తెరిచేసరికి, తడి నేల మీద బకెట్‌ను కావలించుకుని కూర్చునుంది. చప్పుడే లేదు. తాళాలమ్మ నీళ్లు తాగించి వీపు నిమిరింది. ఆవిడ తాళాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు అప్పటికే గుమ్మంలో ఉంటావనుకున్నానే" అంది.

చిట్టి అక్కడే, దర్జీ బట్టలు కత్తిరించే బల్ల మీద ఫోన్ పెట్టి చిరునామా చెరిపేసింది. ఆ ఫోన్‌తోనే ఆఫీసరుకి చేసి సంగతి చెప్పింది.

"మతి ఉందా అమ్మాయ్? చిరునామా లేకపోతే జనం మిమ్మల్ని ఎక్కడని వెతుకుతారు?"

"ఎవరూ వెతకక్కర్లేదు సార్. మేమే వెళ్తాం."

"ఇలాగైతే పని ఇంకొకళ్లకి పోతుంది."

"పోనివ్వండి. మా కొట్టు కాళ్లు మాత్రం కట్టేయను."

ఫోన్ పెట్టేశాక తాళాలమ్మ మెల్లగా అడిగింది. "మరి కొట్టు మూతపడితేనో?"

"ఎలా పడుతుందో నేనూ చూస్తాను. వెబ్‌సైటు తీసేయలేదమ్మా, చిరునామానే తీశాను."

ఖాళీ అయిన చోట రెండే ముక్కలు రాసింది: 'తలుపు తెరుచుకోకపోతే కంగారు పడకండి. ఒకసారి వీధిలోకి చూడండి.'

శనివారం షట్టరు ఎత్తితే ఎప్పుడూ చూడని వీధి. ఎదురింటి మెట్ల మీద, తన వెనక తలుపు మూసుకుని తాళం పడిపోయి, తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి నిలబడున్నాడు. చంకలో పేపరు, నోట్లో బ్రష్షు. అటుగా వెళ్లే వాళ్లను చూడలేక, కొట్టు వైపు చూశాడు.

"అమ్మాయ్, కాస్త త్వరగా..." అన్నాడు నురగలోంచి.

ఫోన్లో విన్న ఆ గొంతును చిట్టి ఇట్టే పట్టేసింది. "నమస్కారం సార్. మమ్మల్ని వెతుక్కోవడం కష్టమైందా?"

తాళాలమ్మ నవ్వు దాచుకోవడానికి తాళం మీదకు వంగింది. క్షణంలో తలుపు తెరుచుకుంది. ఆయన లోపలికి ఉరికి, సగం తలుపు చాటున ఆగాడు.

"అపార్టుమెంట్ల కాగితం ఇంకా పంపలేదు," అన్నాడు తువ్వాలు గట్టిగా పట్టుకుని. "కొట్టు పేరు రాసేస్తాను. చిరునామా దగ్గరే... ఏం రాయమంటావు?"

"ఖాళీగా వదిలేయండి," అంది చిట్టి.