బావ వంగిన తీరు

మా జిమ్‌లో కుర్ర కోచ్‌లకు గోడ నిండా సర్టిఫికెట్లు. నేనూ అక్కడ కోచ్‌నే కానీ నా చదువు చిన్నప్పుడే అటకెక్కింది. అందుకని ఎవరికీ అక్కర్లేని నడుములన్నీ నా నెత్తిన పడతాయి. ఈసారి పడింది మా బావ నడుము.

ఆయన కోల్డ్ స్టోరేజీలో సరుకు మోసే మనిషి. నడుము పట్టేసి నెలల తరబడి ఇంట్లోనే ఉన్నాడు. సూపర్‌వైజర్ ఎదుట పెట్టెను సరిగ్గా ఎత్తి చూపిస్తేనే పాత పని, లేదంటే గేటు దగ్గర కాపలా కుర్చీ. ఆయన్ని కుర్చీలో కూర్చోబెడితే ఇంట్లో నన్ను బతకనివ్వడు తమ్ముడూ, నువ్వే దిక్కు అంది అక్క.

నాకు పని వచ్చు. నేర్పాను. మోకాళ్లు వంచు, వెన్ను నిటారుగా పెట్టు, పొట్ట బిగించు, భుజాలు వెనక్కి లాగు అన్నాను. ఆయన ఒక్కో అవయవాన్నీ వెతుక్కుంటూ వంగేసరికి కొయ్యబారిపోయేవాడు. పెట్టెను ఎత్తుతున్నావా, దానికి దండం పెడుతున్నావా అని నేను విసుక్కుంటే, నా ఒంట్లో ఇన్ని ముక్కలున్నాయని నువ్వు చెప్పేదాకా హాయిగానే ఉన్నానని ఆయన ఎదురు విసుక్కున్నాడు.

పరీక్షకు వెంట వెళ్లాను. సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావ వంగాడు. వీపు విల్లులా గూను తిరిగింది. పెట్టె లేవకముందే సూపర్‌వైజర్ ఆపేసి, ఇంకొక్కసారి చూస్తాను, అంతే అన్నాడు.

బావ నా వైపు చూశాడు. మోకాళ్లు, పొట్ట, భుజాలు అన్నీ నా నోట్లో వరస కట్టి ఉన్నాయి. అంతలో ఒక కూలీ రెండు చేతులా బుట్ట పట్టుకుని చల్లగదిలోంచి వచ్చి, వెనక్కి చూడకుండానే పిరుదులతో తలుపు మూసేశాడు. వీపు వంగలేదు. ఏళ్ల తరబడి బావ మూసిందీ ఆ తలుపునే.

"బావా, ఒంటి సంగతి వదిలెయ్. చేతుల్లో సరుకుంది. వెనకాల తలుపు తెరిచుంది. మూసెయ్."

"దేంతో?"

"రోజూ దేంతో మూసేవాడివి?"

బావ నవ్వాడు. వెనక లేని తలుపును ఒక్క నెట్టు నెట్టాడు. తుంటి వెనక్కి పోయింది, వీపు పలకలా నిలిచింది, చేతులు పెట్టెను అందుకున్నాయి. ఇంకో మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పెట్టె లేచింది.

ఎవరు నేర్పారని సూపర్‌వైజర్ అడిగాడు.

"నేర్పేదేముందండీ, ఎప్పుడూ చేసే పనేగా," అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం ఎవరూ అడగకుండానే పక్కనున్న పెట్టె దగ్గరికి నడిచాడు. వంగుతుంటే చూశాను. అన్నిటికన్నా ముందు తుంటే కదిలింది.