మొదలెట్టావా కథలు?

సాయంత్రం కూతురు పట్టా పుచ్చుకోవడానికి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఆవిడ మళ్ళీ మళ్ళీ స్విచ్చి వైపు చూసుకుంటోంది. వైరు కాలుతుందేమో, ఇల్లంటుకుంటుందేమో, పిల్ల మాడిన చొక్కాతో నలుగురిలో నవ్వులపాలవుతుందేమో! ఆవిడ మనసెప్పుడూ అంతే. తలుపు చప్పుడైతే చాలు, పోలీసులే వచ్చారనుకునే రకం.

పిల్ల చదివింది కథారచన. ఇప్పుడు ఎదుట రెండు దారులున్నాయి. ఒకటి ప్రకటనల కంపెనీలో ఉద్యోగం, సబ్బు కవర్ల మీదికి వాక్యాలు రాయడం. రెండోది వేరే ఊళ్ళో పైచదువు. అది అయ్యాక పాఠాలు చెప్పుకోవచ్చు, లేదా ప్రచురణ సంస్థలో పుస్తకాలు దిద్దవచ్చు. ఏదో ఒకటి ఇవాళే తేల్చాలి. తండ్రికి సబ్బు నచ్చింది. పిల్లకి చదువు.

"అక్కడ వారం వారం వర్క్‌షాప్ ఉంటుందమ్మా," అంది పిల్ల.

వీధి మలుపులో లారీలు బాగుచేసే షెడ్డు ఆవిడ కళ్ళముందు మెదిలింది. "ఆ నూనెలో, ఇనుములో నువ్వా! వేళ్ళు నలిగితే కలమెలా పట్టుకుంటావే తల్లీ?"

పిల్ల పడీ పడీ నవ్వింది. "లారీలు కాదే అమ్మా, కథలు! ఒకరి కథని అందరం కలిసి విప్పి, ఎక్కడ లూజుందో చూస్తాం."

"విప్పడం ఎవరికైనా వస్తుంది. మళ్ళీ బిగించడం నేర్పుతారా?"

పేపరు వెనకనించి తండ్రి గొంతు వచ్చింది. "కథలకి కూడా షెడ్డా! ఇంట్లో మీ అమ్మ కథలు చాలవూ?"

ఆ మాట ఆవిడకి కొత్త కాదు. కాపురానికొచ్చిన కొత్తల్లో జ్వరంతో లేవలేకపోతున్నానంటే 'కథలు పడకే' అంది అత్తగారు. ఆగిపోయిన చదువుకి ప్రైవేటుగా పరీక్ష కడతానంటే 'మొదలెట్టావా కథలు' అన్నాడు ఈయన. నడుం నొప్పి ఒక కథ, కాసేపు కూర్చుంటాననడం ఒక కథ. ఈ ఇంట్లో ఆవిడ చెప్పిన నిజాలన్నిటికీ అదే పేరు. విని విని, తన సంగతి చెప్పుకోవడమే మానేసింది. భయాలు మాత్రం మిగిలాయి. అవి ఇంట్లోవాళ్ళ గురించి గనక ఎవరూ కాదనలేదు.

"చాలవు నాన్నా," అంది పిల్ల. "చిన్నప్పుడు నేను కాస్త ఆలస్యంగా వస్తే, నాకేమయ్యుంటుందో వీధి చివర్నించి ఆసుపత్రి మంచం దాకా అమ్మ వరసగా చెప్పేది. అందులో నర్సుకి మెల్లకన్ను కూడా ఉండేది! నాకు కథ పట్టుబడింది అక్కడే. ఇంకా నేర్చుకోవాలి."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్చి తీసేసింది. తెలియని ఊరు, ఒంటరి గది, సరిగ్గా పడని గడియ... భయాలు బారులు తీరాయి. ఉండండర్రా, మీ సంగతి తర్వాత చూస్తాననుకుంది.

"ఏమండీ, పిల్ల చదువుకే వెళ్తుంది. పొద్దున్నించి నా నడుం లాగేస్తోంది, ఈ పూట వంట మీరు చూడండి."

పేపరు కిందికి దిగింది. "మొదలెట్టావా కథలు?"

"ఇప్పుడే," అంది ఆవిడ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మొదట్నించీ చెబుతాను. ఆ పేపరు పక్కన పెట్టండి."