మూడు చదరాలు

ఆ డ్రాయింగు లెక్చరరు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. 1958లో నేను అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో వడ్రంగిని. కాగితం మీది గీతలు చూసి వస్తువును మనసులో నిలబెట్టుకోవడం మొదటి సంవత్సరం పిల్లలకు కష్టం. అందుకని వాళ్ళకు చూపించడానికి చెక్క దిమ్మెలు చేసిచ్చేవాణ్ణి. ఆ పెద్దమనిషి వచ్చీ రాగానే వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. దిమ్మెలు చూపిస్తే పిల్లల బుర్రలు మొద్దుబారతాయట.

ఒకరోజు ఓబుళేసు పరీక్ష కాగితం పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చాడు. ముదిగుబ్బ దగ్గర బావులు తవ్వే తిమ్మన్న కొడుకు. డ్రాయింగులో అప్పటికే ఒకసారి తప్పాడు, మళ్ళీ తప్పితే కాలేజీ వదిలిపోవాల్సిందే.

ప్రశ్నలో ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలున్నాయి. పైనుంచి చూస్తే ఇలా కనిపించే వస్తువును గీయమన్నారు. ఓబుళేసు నాలుగు పక్కలా మెట్లున్న దిగుడుబావి గీశాడు. లెక్చరరు ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన 'మెట్ల అరుగు' అని రాశాడు. అలాంటి కాగితం చూడటం నాకు అదే మొదటిసారి కాదు.

"ఇంగ ఎవురన్నా బావి గీసినారా?" అన్నాను.

"పదిమంది గీసినారు మామా. అందరికీ సున్నాలే."

అరికాలి మంట నెత్తికెక్కింది. వానల్లేని సీమలో కడవెడు నీళ్ళకు మెట్లు దిగి పెరిగిన పిల్లలు వాళ్ళు. వాళ్ళకు బావి కాక ఇంకేం కనిపిస్తుంది? ఆ లెక్చరరులా కాలవగట్టున పుట్టిన మనిషికి నీళ్ళు గుమ్మం ముందుకే వస్తాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఆ పూటే రెండు దిమ్మెలు చేశాను. ఒకదాన్ని పైకి లేచే అరుగుగా చెక్కాను, రెండోదాన్ని లోపలికి దిగే బావిగా తొలిచాను. కొలతలు ఒకటే. మరుసటి రోజు క్లాసులోకి పోయి లెక్చరరు బల్లమీద పెట్టాను.

"సార్, ఈ రెండూ పైనుంచి ఎట్ల కనపడతాయో బోర్డు మీద గీయండి."

ఆయన విసుక్కుంటూ అరుగుకు మూడు చదరాలు గీశాడు. పక్కన బావికి ఒక చదరం గీసి, రెండోది మొదలుపెట్టి, సుద్దముక్క ఆపేశాడు.

"పీరాసాబ్, నీ పని చెక్కతో. జవాబు పుస్తకంలో ఉంది," అన్నాడు, నా మొహం చూడకుండా.

ఓబుళేసు లేచి నిలబడ్డాడు. "ముందునుంచి ఎట్ల ఉంటాదో అది గూడా ఇచ్చింటే చెప్పుంటిమి సార్. పైనుంచి ఒక్కటే చూస్తే అది లేసిందో దిగిందో ఎవురికీ తెలీదు."

"సరే, నీ సున్నా తీసేస్తాను. కూర్చో."

"మిగతా పదిమందిదీ ఇదే బావి సార్."

వాడు కూర్చోలేదు. గంట కొట్టేలోగా పదకొండు సున్నాలూ కొట్టేయక తప్పలేదు ఆయనకు. తప్పయిందని ఒక్క మాట మాత్రం ఆ నోటినుంచి రాలేదు.

పిల్లలు నన్ను చుట్టుముట్టి మెచ్చుకుంటుంటే అక్కడ నిలవలేకపోయాను. అంతకు ముందేడు బత్తలపల్లె హనుమంతరాయుడు ఇదే బావి, ఇదే సున్నా తెచ్చి నాకు చూపించాడు. "సారు తప్పు చేస్తాడా ఏమప్పా? నీకే కనపడల్యా," అని, కాలేజీ వదిలిపోతున్న వాడి పెట్టె మోసి, బస్సెక్కించి వచ్చింది నేనే.