నాలుకగారు

నాలుగో పీపా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆయన పటకారుతో మేకు లాగాడు. పీపా మూతకి నడుమున దిగ్గొట్టిన ఆ స్టీలు మేకు వేలి పొడవు కూడా ఉండదు. అది ఊడగానే దారపు పోగులాంటి ధార వంపు తిరిగి గ్లాసులో పడింది. నాలుగు చెంచాలంత పట్టుకుని మేకు మళ్లీ నొక్కేశాడు. నేల మీద ఒక్క చుక్క పడలేదు. ఇరవయ్యారేళ్లుగా పడలేదు.

గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తి చూశాడు. లేత గులాబీ రంగు, అడుగున జామ గుజ్జు తాలూకు మసక. ముక్కు దగ్గర పెట్టుకుని గాలి పీల్చాడు, నోట్లో పోసుకుని పుక్కిలించాడు, బకెట్లో ఉమ్మేశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. ఇదివరకు కళ్లు మూసుకునేది రుచిని కాసేపు నిలిపి చూడటానికి. ఈ నాలుగు నెలలుగా మూసుకుంటున్నది ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూడటానికి. చల్లదనం వచ్చింది. నాలుక అంచున పులుపు చురుక్కుమంది. అంతకుమించి ఏమీ రాలేదు. చాక్‌పీసు తీసి పీపా మీద టిక్కు పెట్టాడు.

అది బీరు కాచే చిన్న కొట్టం. వెనకటికి పరదేశాల్లో కోతల రోజుల్లో పనివాళ్ల కోసం పొలాల పక్క పాకల్లో ఎలా కాచేవారో ఇక్కడా అలాగే కాస్తారు. ఆ పొలం బీరుకి సీసా మీద ఫామ్‌హౌస్ ఏల్ అని పేరు వేస్తారు. ఏటా ఒక్క దఫా మాత్రం దాన్ని పండిన జామ గుజ్జుతో మూడు నెలలు చెక్క పీపాల్లో ఉంచుతారు. మొత్తం పన్నెండు పీపాలు. ఆయన సరేనన్నవన్నీ ఒకే తొట్టిలోకి వెళతాయి, వాటిలో ఒక్కటి చెడ్డదైనా తొట్టి మొత్తం మురుక్కాలవ పాలే. అందుకని యజమాని మాట కంటే ఇక్కడ ఆయన నాలుక మాటే చెల్లుతుంది. అందరూ ఆయన్ని నాలుకగారంటారు. మనిషి మాత్రం గుంపులో నుంచుంటే లెక్కలో తప్పిపోయే రకం. బక్కపలచని ఒళ్లు, కాలరు అరిగిన చొక్కా, ఎవరి దారికీ అడ్డురాని నడక. మనిషిని పట్టించుకోకపోయినా నాలుకకి మాత్రం గారు తగిలించారు.

ఆ నాలుకని ఆయన పసిబిడ్డలా సాకాడు. పెళ్లయిన మొదటి వారంలోనే భార్యతో చెప్పేశాడు, ఇంట్లో వెల్లుల్లి వద్దు, మిరపకాయ వద్దు, సెంటు వద్దు, అగరొత్తులు కూడా వద్దు అని. ఆవిడకి వెల్లుల్లంటే ప్రాణం. పుట్టింటికి వెళ్లినప్పుడు కడుపారా తిని, వాసన పోయేదాకా రెండు రోజులు అక్కడే ఉండి వచ్చేది. కొడుకు పుట్టినరోజున కేకు ముక్క నోటికందిస్తే "రేపు పీపాలున్నాయిరా" అని తల తిప్పుకున్నాడాయన. సంసారం మొత్తం పథ్యంలా సాగింది. అయినా పోట్లాటలేమీ లేవు, పథ్యం తినేవాళ్లకి పోట్లాడే ఓపిక ఉండదు కదా.

నాలుగు నెలల కింద జలుబు చేసింది. జలుబు పోయింది గాని వాసన తిరిగి రాలేదు. ఎవరితోనూ అనలేదు. నెల తిరిగేసరికి జామపళ్ల బుట్టలు దిగాయి. కొట్టం కొట్టమంతా ఘుమఘుమలాడిపోతోందని పనివాళ్లు అనుకుంటుంటే, "ఈసారి కాపు బాగుంది" అన్నాడు. వాసన వస్తుందిలే, ఎక్కడికి పోతుంది అని తనకి తనే చెప్పుకున్నాడు.

పదింటికి యజమానురాలు మూడు గ్లాసులున్న పళ్లెంతో వచ్చింది. పాత యజమాని కూతురు, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

"బాబాయ్, పరీక్ష. మీరు పెట్టిన రూలే, నన్ననొద్దు."

రుచి చూసే మనిషి ఎవరైనా సరే ఆరు నెలలకోసారి ఈ మూడు గ్లాసులూ నాలుక మీద వేసుకుని చెప్పాలి. రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేదాన్ని పట్టుకోవాలి. పాతికేళ్ల కింద తనకి పని నేర్పిన పెద్దాయన, ఆ తర్వాత కొన్నేళ్లకి ఈ పరీక్షలోనే తప్పి ఇంటికి వెళ్లిపోయాడు. కంటికి తేడా తెలియకుండా నల్ల గ్లాసుల్లో పొయ్యాలి. కిందటి నెల ఒకటి పగిలింది, కొత్తవింకా రాలేదు, అందుకని ఆమె మామూలు గ్లాసుల్లోనే పోసింది.

మూడూ నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. మూడూ చల్లగా ఉన్నాయి, మూడింటికీ ఒకటే రంగు. నడిమి గ్లాసులో నురగ అప్పటికే చచ్చిపోయింది, అటూ ఇటూ ఉన్నవాటిలో ఇంకా నిలబడే ఉంది. గుజ్జు ఎక్కువ కలిసిన బీరుకి నురగ నిలవదు.

"నడిమిది" అన్నాడు.

"మీరెప్పుడు తప్పారు గనక" అని నవ్వి ఆమె కాగితం మీద సంతకం చేసింది.

ఆయనకి సంతోషమేమీ కలగలేదు. దొరకని దొంగకుండే ఊరట కలిగింది, అంతే. భోజనాల వేళకి పన్నెండు పీపాల మీదా టిక్కులు పడ్డాయి. మూడింటికి గొట్టాలు పెట్టి అన్నీ తొట్టిలోకి తోడేయాలి.

సీసాలు కడిగే గది బయట బల్ల మీద కూర్చుని డబ్బా విప్పాడు. సీసాలు కడిగే ఆవిడ పక్కనే కూర్చుంటుంది. పదేళ్లుగా అలాగే, ఆవిడ మాట్లాడుతుంది, ఆయన ఊకొడతాడు.

"అన్నయ్యా, ఒకటడగనా? వదినకి మనసు మారిందేంటి?"

"ఏం?"

"మూడు నెలల్నుంచి చూస్తున్నా. మీరు మూత తీస్తే చాలు, వెల్లుల్లి గుప్పుమంటోంది. ఇవాళైతే మరీ దట్టించేసింది. నాకే నోరూరుతోంది."

నోటి దాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. కూర ఎప్పటిలాగే తెల్లగా, మెత్తగా ఉంది. ముక్కు దగ్గరికి తెచ్చుకుని పీల్చాడు. ఏమీ లేదు.

పెళ్లయినప్పటినుంచి ఎన్నడూ లేనిది, ఈమధ్య భార్య రోజూ రాత్రి గిన్నెలు తీస్తూ "బావుందా?" అని అడుగుతోంది. "బావుంది" అని చెబుతున్నాడు. మొదట ఒక్క రెబ్బ వేసి చూసి ఉంటుంది. మర్నాడు రెండు. ఆ తర్వాత ఆవిడకి వేరే రుజువు అక్కర్లేకపోయింది. అన్నీ తెలిసి కూడా, ఆయనే నోరు విప్పి చెబుతాడని ఇన్నాళ్లూ ఎదురుచూసింది. ఆయనకి సిగ్గేసింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. ఇన్నేళ్లకి ఆవిడైనా తనకిష్టమైంది తింటోంది, అదొక్కటే నయం అనిపించింది.

అన్నం సగంలో వదిలేసి లేచాడు.

"చేతులు కడుక్కుని ఇలా రామ్మా. పని ఉంది."

సీసాలావిడ పీపాల గదిలోకి రావడం అదే మొదటిసారి. "నాకేం తెలుస్తుందన్నయ్యా ఇవన్నీ" అంది.

"ఏమీ తెలియక్కర్లేదు. వాసన చూసి, అది దేనిలా ఉందో చెప్పు. చాలు."

మొదటి పీపా మేకు తీశాడు. ఆవిడ భయం భయంగా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. జామపండు అంది. రెండోది జామపండూ, తడిసిన గడ్డీ అంది. మూడోది నిమ్మతొక్క. అన్నీ మంచి మాటలే, ఇదివరకు ఆయన పుస్తకంలో రాసుకుంటూ వచ్చినవి. ఏడోదాని దగ్గర ఆవిడ గ్లాసు దూరం జరిపేసింది.

"ఇదేంటన్నయ్యా, గోళ్ల రంగు తుడుచుకునే మందులా ఉంది. మా అమ్మాయి వాడుతుంది, ఇదే కంపు."

పీపాలోకి గాలి చొరబడితే వచ్చే కంపు అది. ఇదివరకైతే ఆయన గుమ్మంలో ఉండగానే పట్టేసేవాడు. పొద్దున్న తనే పెట్టిన టిక్కుని అరచేత్తో తుడిచేశాడు. మిగిలిన అయిదూ వాసన చూపించాడు, అవి బాగానే ఉన్నాయి. అప్పటికి మూడు కావడానికి పది నిమిషాలుంది.

యజమానురాలు తొట్టి దగ్గర గొట్టం బిగిస్తోంది.

"ఏడోది వదిలెయ్యమ్మా. చెడిపోయింది."

"పొద్దున్న సరే అన్నారుగా?"

"అన్నాను. నాకు వాసన పోయి నాలుగు నెలలైంది."

ఆమె గొట్టం కింద పెట్టింది. "మరి పరీక్ష?"

"నురగ చూసి చెప్పాను."

లోపల నీళ్ల మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇక ఎవరు చూస్తారు బాబాయ్?"

"సీసాలావిడ చూస్తుంది. ఉన్నదున్నట్టు చెబుతుంది, నాకు ఆ బుద్ధి ఇవాళ్టిదాకా లేకపోయింది."

"మీరు ఇంకేదైనా పని చూసుకోవచ్చు. వెళ్లమని నేననలేదు."

"నువ్వనలేదమ్మా. రూలు నాది." చాక్‌పీసు ఆమె చేతిలో పెట్టాడు. "నాలుక పోయాక గారుతో ఏం పని."

ఆమె తొమ్మిదో పీపా నుంచి గ్లాసు నిండా పట్టి తెచ్చింది. మేకు కన్నంలోంచి గ్లాసు నిండటానికి చాలా సమయం పట్టింది. ఇన్నేళ్లలో ఆయన నిండు గ్లాసు తాగలేదు, ఉమ్మకుండా మింగిందీ లేదు. బయట బల్ల మీద కూర్చుని, ఎండ కాళ్ల మీద పడుతుండగా తీరిగ్గా గుటకలు వేశాడు. ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"ఎలా ఉంది బాబాయ్?"

ఆయన ఇంకో గుటక మింగాడు. "చల్లగా ఉంది" అన్నాడు.

నాలుగింటికి లేచి చెప్పులేసుకున్నాడు. వాసన పోయిన సంగతి ఇంటికెళ్లి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. రాత్రి భార్య "బావుందా?" అని అడిగితే "తెలియట్లేదు" అనాలి, ఆ ఒక్క మాటే ఎలా అనాలో దారంతా చూసుకుంటూ వెళ్లాడు. గేటు దగ్గర ఎవరూ తల ఎత్తి చూడలేదు, ఎప్పుడూ చూడరు.

బల్ల మీద ఆయన సగం తాగిన గ్లాసు ఎండలో వెచ్చబడుతోంది, అడుగునుంచి బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతున్నాయి.