రాములు కట్టిన చీర

లక్డారం ఊళ్లో ఉండే దేవమ్మకు లోకంలో ఒక్కతే మహారాణి, ఆమె బర్రె. దాని పొదుగు కాస్త గట్టిపడితే చాలు, పొయ్యి మీది అన్నాన్ని పొయ్యికే వదిలేసి పటాన్‌చెరు పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తేది. సొంత ఒంటి సంగతి మాత్రం అడిగే నాథుడు లేడు. ఎడమ రొమ్ములో గడ్డ కట్టి ఏడాదైంది. నొప్పి లేదు కనుక అది రోగమే కాదని ఆమె తీర్పు.

ఆమె పాలు పోసే కంపెనీ క్వార్టర్లలో లక్ష్మీనరసమ్మ అని ఒక గోదావరి ఆవిడ ఉంది. పాలలో నీళ్లున్నాయని పేచీ పెట్టందే ఆవిడకు కాఫీ గొంతు దిగదు. అలాంటి మనిషి నెల్లాళ్లు కనిపించకుండా పోయి, ఒక ఉదయం తలుపు తీసింది. చిక్కిపోయింది గానీ నోరు తగ్గలేదు.

"రొమ్ములో గడ్డే, దేవమ్మా. మా కంపెనీ ఆసుపత్రిలో ఏటేటా చూస్తారుగా, గోళీకాయంత ఉండగానే పట్టేశారు. తీసేశారు. ఇక భయం లేదన్నారు."

దేవమ్మ పకపకా నవ్వింది. "గంత దానికే ఆపరేషనా అమ్మా? నాకు నిమ్మకాయంత ఉన్నది. నొప్పే లేదు!"

లక్ష్మీనరసమ్మ పాలగిన్నె గడప మీద పెట్టేసింది. "నాకూ నొప్పి లేదే! గేదె పొదుగుకైతే ఆ పూటే పరుగెత్తుతావు. నువ్వు గేదెపాటి చెయ్యవా? రేపు నాతో రా."

"నేనొస్తే పాలెవలు పిండుతరు? ఇంకో చెయ్యి తగలనియ్యదు అది."

దేవమ్మ మొగుడు రాములు మందుల ఫ్యాక్టరీలో రోజుకూలీ. మందులు తయారవుతాయి గానీ, కూలీల పెళ్లాలకు ఆసుపత్రి లేదు. సంగతి విని అతను దండెం మీది ఆమె చీర తీసి చుట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని బర్రె పక్కన కూర్చున్నాడు. ఊళ్లలో పాత ఉపాయమే. బర్రె వాసన చూసి, నమ్మి, పాలిచ్చింది. దేవమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

పట్నం సర్కారు దవాఖానాకు నాలుగుసార్లు తిరిగి, పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ అంది: "చంకలోకి పాకింది. ఏడాది కిందట వస్తే సులువుగా పోయేది. ఆపరేషన్ చేసి, సూదులిచ్చి చూద్దాం."

తిరుగు బస్సులో దేవమ్మకు కోపమొచ్చింది. "ఒక్కటే రోగం గద అమ్మా! నీకు భయం లేదన్నరు, నాకేమో సూద్దామంటున్నరు. గిదేం న్యాయం?" రోజూ పేచీ పెట్టే లక్ష్మీనరసమ్మ దేవమ్మ చెయ్యి పట్టుకుంది.

ఇల్లు చేరేసరికి రాములు పాలు పిండి, చీర మడత పెడుతున్నాడు. "ఇగ రేపటికెళ్లి నువ్వే పిండుతవు గద?" అన్నాడు ఆశగా.

"పెట్టెల పెట్టకు. శాన దినాలు కట్టాలె నువ్వు," అంది దేవమ్మ. "కుచ్చిళ్లు జెర మంచిగ పెట్టు. బర్రెకు అనుమానమొస్తది."

రాములు చీరను మళ్లీ దండెం మీదే వేశాడు.